నావాడనుకో నాగన్నా

దీపావళి అమావాస్య గడిచిన నాలుగోనాడు, కార్తిక శుద్ధ చవితినాడు, అంటే నాగుల చవితినాడు, తెల్లవారుజామునే తలంటుకుని తడిజుట్టుతోనే పుట్టకు బయలుదేరే ఆడవాళ్ల పళ్లెంలో చలిమిడి, చిమ్మిలి, నానబెట్టిన పెసరపప్పు, చెంబుతో ఆవుపాలు ఉంటాయని కోస్తా జిల్లాలలో పుట్టిన వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ పళ్లెం ఎవరి కోసమో కూడా అందరికీ తెలుసు. పుట్ట దగ్గర నిలబడి వాళ్లు నోటితో ఏమంటారో మాత్రం మనం పెద్దగా పట్టించుకోము. పురోహితుడు ఉంటే ‘నమో అస్తు సర్పేభ్యో యే కే చ పృథివీ మను’ అంటూ తైత్తిరీయ సంహితలోని సర్పసూక్తం చదువుతాడు, భూమి మీద, అంతరిక్షంలో, ద్యులోకంలో ఉన్న సర్పాలన్నిటికీ ఆ మంత్రంలో నమస్కారం అందుతుంది. అది గంభీరమైన మంత్రమే, అయినా అది నమస్కరించి ఊరుకుంటుంది. పక్కనే పాలచెంబు పట్టుకున్న ముసలమ్మ మాత్రం నమస్కారంతో ఆగదు. ఆమె పాముతో మాట్లాడుతుంది.

మా ఇంట చెప్పుకునే పాఠం ఇది. పక్క ఊరికి వెళితే నాలుగు మాటలు అటూ ఇటూ అవుతాయి.

నన్నేలు నాగన్న, నా కులమునేలు
పడగ తొక్కితే పగవాడనుకోకు
నడుము తొక్కితే నావాడనుకో
తోక తొక్కితే తొలగిపో
నూకనిస్తాను, మూకనివ్వు

ఎవరు కట్టారో తెలియని ఈ అయిదు పాదాలను నేను చిన్నప్పటినుంచి వింటున్నాను గాని, వాటిలో ఎంత ఆలోచన ఇమిడి ఉన్నదో గమనించడానికి చాలా ఏళ్లు పట్టింది. చెవికి మొదట అందేది అక్షరాల పొందిక: పడగకు పగవాడు, నడుముకు నావాడు, తోకకు తొలగడం. ఛందస్సు చదవని నోళ్లు యతిని ఎంత సునాయాసంగా పట్టుకున్నాయో చూస్తే ముచ్చట వేస్తుంది. ఆ పొందిక వెనుక ఒక వరుస కూడా ఉన్నది. తోక మీద కాలు పడినప్పుడు కోరేది ఒక్కటే, పక్కకు జరిగిపొమ్మని. నడుము మీద పడినప్పుడు, అంటే పాము మెలితిరిగి కాటు వేయగల చోట, కోరిక పెద్దది: నన్ను నీ మనిషిగా లెక్కించుకో. ఇక పడగ మీదనే కాలు వేసినప్పుడు, అంతకు మించిన అపచారం లేదు కనుక, అక్కడ ఆమె ‘నావాడు’ అనే మాట ఎత్తదు. పగవాడు అనుకోకు, అంతవరకు చాలు అంటుంది. అపరాధం మరీ పెద్దదైనప్పుడు కోరిక తగ్గించుకోవాలన్న మర్యాద ఈ ముక్కలలో ఉన్నది. పెద్దవాళ్ల దగ్గర తప్పు చేసి వచ్చిన పిల్లలు కూడా ఇలాగే మాట్లాడతారు.

పెద్దవాళ్లు అని ఊరికే అనలేదు. ఈ ప్రార్థనలో పాము దేవుడే, కానీ ముందు అన్న. ‘నాగన్న’ అనడంలోనే చుట్టరికం ఉన్నది, ‘నా కులమునేలు’ అనడంలో ఆ చుట్టరికం ఒక మనిషిది కాదు, ఒక వంశానిది అన్న భావం ఉన్నది. ఏలడం అంటే పరిపాలించడమే కాదు, దగ్గరకు తీసుకోవడం, సొంతం చేసుకోవడం కూడా. భయపెట్టే ప్రాణిని పారద్రోలమని ఈ పాటలో ఎక్కడా లేదు. మాతో వరుస కలుపుకొమ్మని ఉన్నది.

పామును వంశానికి మూలపురుషుడుగా చెప్పుకోవడం కొత్త సంగతి కాదు, మనకొక్కరికే ఉన్నదీ కాదు. మణిపూర్‌లోని మైతేయిలు పాఖంగ్బా అనే దేవుణ్ణి ఆరాధిస్తారు. కొమ్ములున్న తలతో, తన తోకను తానే నోట కరుచుకుని మెలికలుగా చుట్టుకున్న ఆ రూపం మన నాగుపాము కన్నా బొమ్మల్లో చూసే డ్రాగన్‌కు దగ్గరగా ఉంటుంది. అక్కడి రాజవంశపు తొలి రాజుగా చెప్పుకునే నోంగ్దా లైరేన్ పాఖంగ్బా పేరులోనే ఆ దేవుడున్నాడు, ఇంఫాల్‌లోని కాంగ్లా కోట ఆయనకు నెలవు. ఛోటానాగ్‌పూర్ నాగవంశీయులు తమ మూలపురుషుడు ఫణిముకుట రాయ్ పుండరీక నాగుడి కొడుకని, పసికందుగా ఉన్నప్పుడు పాము పడగ పట్టి కాపాడిందని చెప్పుకున్నారు. బస్తర్‌లో చక్రకోటను ఏలిన ఛిందక నాగులు తమను భోగవతీపురాధీశ్వరులుగా శాసనాలకు ఎక్కించుకున్నారు, భోగవతి పాతాళంలోని నాగుల రాజధాని. పల్లవుల వేలూర్పాళయం శాసనంలో వీరకూర్చుడు నాగరాజు కూతురిని చేపట్టి, ఆమెతోపాటు రాజచిహ్నాలను కూడా పొందినట్లు ఉన్నది. సముద్రం దాటితే, ఇప్పటి వియత్నాంలో ఉన్న పాత చంపా రాజ్యంలోని మీసోన్‌లో క్రీ.శ. 658 నాటి శాసనం కౌండిన్యుడు అనే బ్రాహ్మణుడు సోమ అనే నాగకన్యను పెళ్లాడిన వంశకథను చెబుతుంది. కంబుజ రాజులు, అంటే నేటి కంబోడియా పాత రాజులు, తమ పుట్టుకను ఆ దంపతులకే ముడిపెట్టుకున్నారు.

ఈ రాజులందరూ చెప్పింది ఒకే మాట: నేను నాగుడి వంశం వాణ్ణి. అది చాటింపు, రాతి మీద చెక్కించి నలుగురికీ వినిపించిన హక్కు. చవితినాటి ముసలమ్మ అలా అనదు. నేను నీదాన్నని చెప్పుకోదు, నన్ను నీదాన్నని నువ్వు అనుకో అంటుంది. చుట్టరికాన్ని తేల్చే పని తాను తీసుకోకుండా దాన్ని పాముకే వదిలిపెడుతుంది. నాకు ఆ రాజుల శాసనాల కన్నా ఈ మాట పెద్దదిగా తోస్తుంది, ఎందుకంటే మహాభారతం కూడా ఈ సంగతిని ఇలాగే చెప్పింది.

ఆదిపర్వంలో, బాల్యంలో, భీముడికి దుర్యోధనుడు విషం పెట్టిన కథ అందరికీ తెలుసు. గంగ ఒడ్డున ప్రమాణకోటి దగ్గర కాలకూటం కలిపిన తిండి తిని, మత్తులో పడిన భీముణ్ణి తీగలతో కట్టి నీళ్లలోకి తోసేశారు. మునిగిన వాడు మునిగినట్టే నాగలోకానికి చేరాడు. అక్కడ పాములు ఒళ్లంతా కరిచాయి. కరవడమే మేలైంది: తిండితో లోపలికి పోయింది చెట్టుచేమల నుంచి వచ్చిన స్థావర విషం, పాముల కోరల్లోది జంగమ విషం. ఒకదాన్ని ఒకటి చంపింది. మెలకువ వచ్చిన భీముడు తనదైన పద్ధతిలో కట్లు తెంపుకుని, కరిచిన పాములను పట్టి నేలకేసి కొట్టడం మొదలుపెట్టాడు. తప్పించుకున్నవి వాసుకి దగ్గరకు పరుగెత్తి మొరపెట్టుకున్నాయి. వాసుకి బయలుదేరి వచ్చాడు, ఆయన వెంట ఆర్యకుడు అనే వృద్ధ నాగుడు కూడా వచ్చాడు.

ఆర్యకుడు చూసిన మరుక్షణం గుర్తుపట్టాడు. ఎదురుగా ఉన్నవాడు తన కూతురి కొడుక్కి కూతురి కొడుకు. సంస్కృతంలో దౌహిత్రదౌహిత్రుడు అని రెండు మాటలలో తేల్చిన ఈ చుట్టరికం విప్పి చూస్తే, ఆర్యకుడి కూతురి కొడుకు శూరుడు, శూరుడి కూతురు పృథ, ఆమెనే మనం కుంతి అంటాము, ఆమె కొడుకు భీముడు. వచ్చినవాడు తన వాళ్లను కొట్టి చంపుతున్న వాడు. అయినా ముసలి నాగుడు ముందుకు వచ్చి మనుమణ్ణి గట్టిగా కౌగిలించుకున్నాడు.

నాగలోకంలో తనకు తాతలున్నారని భీముడికి తెలియదు, ఆ పిల్లవాడు ఏ చుట్టరికమూ చెప్పుకోలేదు, ఏ ప్రార్థనా చేయలేదు. పడగ తొక్కాడు. గుర్తుపట్టవలసిన వాడు గుర్తుపట్టాడు. వాసుకి సంతోషించి ఈ పిల్లవాడికి రత్నాలు, ధనం ఏమిద్దామని అడిగితే, ధనం వీడికెందుకు, రసకుండాలలోని రసం తాగనివ్వండి అన్నాడు ఆర్యకుడు. మనుమడికి ఏమి పెట్టాలో తాతకు తెలుసు గదా. ఒక్కొక్క కుండంలో వెయ్యి నాగాల బలం ఉన్నదట. భీముడు తూర్పుముఖంగా కూర్చుని ఒక్కొక్క కుండం ఒక్కొక్క గుక్కలో తాగుతూ ఎనిమిది కుండాలు ఖాళీ చేసి, పాములు పరిచిన పక్క మీద పడుకుని ఎనిమిదో రోజుకు గాని లేవలేదు. అర్థం చెప్పేవారు ఇక్కడ నాగం అంటే ఏనుగు అని చెబుతారు. సంస్కృతంలో నాగ శబ్దం ఏనుగుకూ పాముకూ ఒకటే. భీముడి బలాన్ని ఏనుగులతో కొలిచినా, ఆ బలం వచ్చింది మాత్రం తల్లి వైపు పాతాళం నుంచి. భీముణ్ణి వాయుపుత్రుడని అనని వారు లేరు, ఆర్యకుడి మునిమనుమరాలి కొడుకని అన్నవారిని నేను చూడలేదు.

ఈ ఆర్యకుడే ఉద్యోగపర్వంలో మరొకసారి కనిపిస్తాడు. ఇంద్రుడి సారథి మాతలి తన కూతురికి వరుణ్ణి వెతుకుతూ పాతాళానికి వచ్చి, ఆర్యకుడి మనుమడు సుముఖుణ్ణి మెచ్చుకుంటాడు. సంబంధం మంచిదే, కానీ పిల్లవాడి తండ్రిని గరుత్మంతుడు తిన్నాడు, ఇంకో నెలలో పిల్లవాణ్ణీ తింటానని చెప్పిపోయాడు. సంబంధం కలుపుకోవాలని ఎంత ఉన్నా ఈ ముసలివాడు ఆ మాట దాచకుండా మాతలి ఎదుటే చెప్పేస్తాడు. నాగుల మీద జాలి పుట్టించే ఘట్టాలలో ఇది ఒకటి. ఆయన దుఃఖాన్ని అంతటితో వదిలి అసలు కథలోకి వెళ్లాలి, ఎందుకంటే ఆర్యకుడు గుర్తుపట్టిన ఆ వరుసను, మూడు తరాలు గడిచాక, భీముడి ఇంటివాడే మరిచిపోయాడు.

జనమేజయుడు అర్జునుడి మునిమనుమడు. తండ్రి పరీక్షిత్తును తక్షకుడు కాటువేసి చంపాడన్న కోపంతో సర్పయాగం మొదలుపెట్టాడు. పాములు పేరు పేరునా వచ్చి గుండంలో పడ్డాయి. అలా పడినవాటిలో ఏయే కులాలవి ఉన్నాయో ఆదిపర్వం జాబితా ఇస్తుంది: వాసుకి కులం, తక్షకుడి కులం, ఐరావత కులం, కౌరవ్య కులం, ధృతరాష్ట్ర కులం. ఆ జాబితా చదువుతూ కౌరవ్య అన్న పేరు దగ్గర నేను ఆగిపోయాను. అర్జునుడు తీర్థయాత్రలో పెళ్లాడిన ఉలూచికి తండ్రి కౌరవ్య నాగుడే, ఐరావతుడి కులంలోని వాడు. అంటే జనమేజయుడు ఆహుతి చేస్తున్నది తన ముత్తాతకు అత్తవారిని. కుంతి ద్వారా తన నరాలలో ప్రవహిస్తున్నదీ ఆర్యకుడి రక్తమే. మహాభారతం ఈ రెండు తీగలను కలిపి ఎక్కడా వ్యాఖ్యానించదు, అక్కడా ఇక్కడా పెట్టి ఊరుకుంటుంది, కలుపుకోవడం చదివేవాడి పని. రాజు పగవాడని అనుకున్నాడు. వాళ్లు తనవాళ్లు.

ఆ యాగాన్ని ఆపింది మనుషుల రక్తమూ నాగుల రక్తమూ ఉన్న పిల్లవాడు. ఆ పిల్లవాడి పుట్టుక కథ నాగారాధన మొత్తానికి నడుమ నిలిచే కథ అని నా నమ్మకం, అందువల్ల కొంచెం నిదానంగా చెబుతాను.

జరత్కారువు అనే ముని పెళ్లి వద్దనుకుని తిరుగుతున్నాడు. ఒకనాడు ఒక గుంటలో కొందరు తలకిందులుగా వేలాడుతూ కనిపించారు. వాళ్లు పట్టుకున్నది వట్టివేరు గడ్డి దుబ్బు, దానికి మిగిలింది ఒకే ఒక్క వేరు, ఆ వేరును కూడా ఒక ఎలుక కొరుకుతున్నది. ఎవరు మీరని అడిగితే, మా వంశంలో జరత్కారువు అని ఒకడు మిగిలాడు, వాడు పెళ్లి చేసుకోడు, సంతానం లేదు, మేము పడిపోతున్నాము, ఈ ఎలుక కాలం, ఈ వేరు వాడే అన్నారు. తన పితరులను తాను అలా చూడవలసి వచ్చింది. పెళ్లికి ఒప్పుకున్నాడు, కానీ షరతులు పెట్టాడు: పిల్ల పేరు తన పేరే కావాలి, భిక్షగా ఇవ్వాలి, పోషణ భారం తనది కాదు. అటువంటి పెళ్లికొడుక్కి పిల్లనిచ్చే వాడెవడు? వాసుకి ఇచ్చాడు. తన చెల్లెలి పేరు కూడా జరత్కారువే. తల్లి కద్రువ, ఉచ్చైశ్రవసం అనే దేవతల గుర్రం తోకను నల్లగా చేయనన్న కొడుకులను యాగాగ్నిలో పడి చావమని శపించిన నాటి నుంచి, ఆ శాపానికి విరుగుడు ఈ ముని కొడుకేనని తెలిసి, వాసుకి చెల్లెలిని అట్టేపెట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

రెండు వంశాలు. ఒకటి సంతానం లేక గుంటలో వేలాడుతున్న మనుషుల వంశం, మరొకటి వేల సంతానం ఉండి కూడా తల్లి నోటిమాటతో కాలిపోనున్న నాగుల వంశం. రెండింటికీ ఆసరా ఒకే కడుపు. ఎలుక కొరుకుతున్న వేరును కాపాడడానికి పాముల ఇంటి ఆడపడుచు రావలసి వచ్చిందన్న సంగతి తలచుకున్నప్పుడల్లా, వరిపొలంలో ఎలుకకూ పాముకూ ఉన్న లెక్క తెలిసిన రైతు ఈ కథ వింటే లోలోపల నవ్వుకుంటాడని అనిపిస్తుంది.

కాపురం ఎంతో కాలం సాగలేదు. ఒక సాయంకాలం భార్య ఒడిలో తల పెట్టుకుని ముని నిద్రపోయాడు. సూర్యుడు కుంకుతున్నాడు, లేపితే కోపం, లేపకపోతే సంధ్యావందనం తప్పుతుంది. ఆమె ధర్మం వైపే మొగ్గి మెల్లగా లేపింది. నేను అర్ఘ్యం ఇవ్వకుండా సూర్యుడు ఎలా అస్తమిస్తాడని అవమానంగా భావించి ఆయన వెళ్లిపోయాడు. వెళ్లేవాణ్ణి ఆమె అడిగింది, మా వాళ్లు నన్ను ఏ కోరికతో నీకిచ్చారో అది తీరిందా అని. ఆయన ఒక్క మాట అన్నాడు: అస్తి. ఉన్నాడు. ఆ మాటే పిల్లవాడి పేరైంది, ఆస్తీకుడు. తండ్రి ఇచ్చింది ఆ ఒక్క మాటే. పెరిగింది మేనమామ వాసుకి ఇంట, నాగుల మధ్య.

ఇంత చదివాక నాగదేవతను ‘ఆదిపురుషుడు’ అని ఏ అర్థంలో అనాలో నాకు కొంత స్పష్టమైంది. ఆర్యకుడి కథలోనైనా, ఆస్తీకుడి కథలోనైనా, కౌండిన్యుడి కథలోనైనా నాగులు తండ్రి వైపు వాళ్లు కారు, అమ్మ వైపు వాళ్లు. గోత్రం చెప్పుకునేటప్పుడు ఆ పేర్లు రావు, తర్పణాల వరుసలో ముందు రావు. పిల్లవాడు ఆపదలో పడినప్పుడు, పుట్టింటి వైపు తలుపు తట్టినప్పుడు, అప్పుడు బయటకు వస్తారు. అమ్మమ్మగారి ఇల్లు నేల కింద ఉన్నదని అనుకుంటే పుట్టకు పాలు తీసుకుపోవడం వింతగా తోచదు.

యజ్ఞశాలలో ఆస్తీకుడు రాజును స్తుతించి వరం సంపాదించాడు. ఇంద్రుణ్ణి పట్టుకుని వేలాడిన తక్షకుడు పట్టు తప్పి ఆకాశం నుంచి గుండం మీదికి జారుతున్నప్పుడు ‘నిలు, నిలు, నిలు’ అని మూడుసార్లు అన్నాడు, తక్షకుడు నడిమింట ఆగిపోయాడు. యాగం ఆగింది. మేనమామలు సంతోషించి ఏమి కావాలని అడిగితే, తనను తలచుకున్న వారికి మీ వల్ల భయం ఉండకూడదు అన్నాడు. ఆ మాటను పట్టుకునే ఈ శ్లోకం వాడుకలోకి వచ్చింది:

సర్పాపసర్ప భద్రం తే దూరం గచ్ఛ మహావిష
జనమేజయస్య యజ్ఞాంతే ఆస్తీకవచనం స్మర

ఓ సర్పమా, తొలగిపో, నీకు మేలు కలుగుగాక, దూరంగా వెళ్లు, జనమేజయుడి యజ్ఞం ముగిసినప్పుడు ఆస్తీకుడి మాట గుర్తు చేసుకో. ఇందులో ‘భద్రం తే’ అన్న రెండు మాటలను చాలామంది గబగబా దాటిపోతారు. నాకు అవే శ్లోకానికి ప్రాణం. ఎదురుగా పాము ఉన్నది, మనిషి గుండె కొట్టుకుంటున్నది, అయినా మొదటి పాదంలోనే దాని క్షేమం అడిగాడు. తరువాత చేసింది బెదిరింపు కాదు, గుర్తుచేయడం. మనమధ్య ఒక ఒప్పందం ఉన్నది, నీ చెల్లెలి కొడుకు చేసినది, నువ్వు మరిచిపోయి ఉంటావు అని. ‘తోక తొక్కితే తొలగిపో, నడుము తొక్కితే నావాడనుకో’ అన్న తెలుగు మాటలు ‘అపసర్ప’, ‘స్మర’ అన్న సంస్కృత మాటలకు అనువాదాలా, లేక రెండూ ఒకే భయం నుంచి వేరువేరుగా పుట్టాయా అని నేను తేల్చలేను, తేల్చవలసిన అవసరమూ కనిపించదు.

ఆ భయం పురాణాలలో మిగిలిపోయిన భయం కాదు. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని, అంటే ఏటా సగటున 58,000 మంది అని పరిశోధకులు అంచనా కట్టారు. వారిలో ఎక్కువమంది పల్లెల్లో, పొలం పనుల్లో ఉండేవారు. కనుక ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆస్తీక శ్లోకం కాటుకు ముందు చదివేది. కాటు పడ్డాక చదవవలసింది ఏదీ లేదు, కట్లూ గాట్లూ పసర్లూ వద్దు, కాలు కదపకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. అక్కడ ఇచ్చే విరుగుడు కూడా పాము విషం నుంచే తయారవుతుంది. విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తంలో పుట్టే ప్రతిరక్షకాలను వేరుచేసి మందు చేస్తారు. అందుకు కావలసిన విషాన్ని తీసే వారిలో తమిళనాడులోని ఇరుళ గిరిజనుల సహకార సంఘం ముఖ్యమైనది, 1978 నుంచి ఉన్నది. భీముడి ఒంట్లో ఒక విషం మరొక విషాన్ని చంపిన ఘట్టం చదివినప్పుడు నాకు ఆ సీసాలు గుర్తుకు వస్తాయి.

పాలు పోయడం గురించి కూడా ఒక మాట. పాము పాలు తాగదు. దాహంతో మాడ్చి ముందర పెడితే తప్ప ముట్టదు, ముట్టినా దానికి పడదు. పండుగ వస్తున్నదనగా కోరలు పీకి, నోరు కుట్టి, బుట్టల్లో ఉంచి ఊళ్ల వెంట తిప్పడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, మన ప్రార్థన ప్రకారం చూస్తే ద్రోహం కూడా. నన్ను నీవాణ్ణి అనుకొమ్మని అడుగుతూ ఆ నోటిని కుట్టించిన వారికి పది రూపాయలు ఇవ్వడం ఏ పూజ? మా నాయనమ్మ పద్ధతి వేరు. ఆవిడ పుట్ట కన్నంలో చెంబు వంచేది కాదు. తమలపాకు తొడిమ పాలల్లో ముంచి పుట్ట పైన మూడు చుక్కలు చిలకరించేది, మిగతావి ఇంటికి తెచ్చి పిల్లలకు ఇచ్చేది. ఇదేమిటని అడిగితే, ‘లోపల పడుకున్న వాళ్ల నెత్తిన ఎవరైనా చెంబుతో పోస్తారా’ అంది. పుట్ట దగ్గరకు వెళ్లేముందు చెప్పులు పొలం గట్టు మొదట్లోనే విడిచేది. తిరిగి వచ్చేటప్పుడు నాలుగడుగులు వెనక్కి నడిచి, ఆ తరువాతే ఇటు తిరిగేది. తడి పుట్టమన్ను వేలితో తీసి మా చెవి తమ్మెలకు రాసేది. ఆ మన్ను ఎండి బిగుసుకుంటుంటే చెవి లాగినట్టుండేది, గోకితే ఊరుకునేది కాదు. ఆ రోజు మా ఇంట కత్తిపీట వంటింటి మూలకు చేరేది, పొయ్యి మీద మూకుడు ఎక్కేది కాదు. దీపావళికి దాచిపెట్టుకున్న టపాకాయలు మాత్రం మేము పుట్ట పక్కనే కాల్చేవాళ్లం. నిద్రపోతున్న వాళ్ల నెత్తిన పాలు పోయకూడదన్న మనిషి చెవుల దగ్గర బాంబులు ఎలా పేల్చనిచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

చివరి పాదం మిగిలింది: నూకనిస్తాను, మూకనివ్వు. నూకలు అంటే బియ్యం చెరిగితే పోయే విరుగుళ్లు, ఇంట్లో అన్నిటికన్నా తక్కువ వెల గలవి. మూక అంటే పిల్లల గుంపు. చేటెడు విరుగుళ్లకు ఇంటినిండా సంతానం అడిగే ఈ బేరం అమ్మమ్మ దగ్గర తప్ప ఎవరి దగ్గరా చెల్లదు. సంతానం కోసం నాగుణ్ణి అడగడానికి లోకంలో వేరే కారణాలు కూడా ఉండవచ్చు గాని, జరత్కారువు పితరులు గుంటలో వేలాడిన కథ విన్నవాడికి ఈ కోరిక ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పనక్కరలేదు. తెగిపోతున్న వేరును నిలిపిన ఇల్లు అది. అందుకే కృష్ణా తీరాన మోపిదేవిలో చుట్టలు చుట్టుకున్న పాము మీద లింగంగా వెలసిన సుబ్రహ్మణ్యేశ్వరుడి దగ్గరకు పిల్లలు లేనివారు వెళతారు, పుట్టినవారికి చెవులు కుట్టించడానికి మళ్లీ వెళతారు. పుట్టినవారు నాగేశ్వరరావులు, నాగమణులు, నాగరత్నాలు, సుబ్బారావులు, సుబ్బలక్ష్ములు అవుతారు. కోస్తాలో ఏ బడి హాజరు పట్టీ తిప్పినా ఈ పేర్లు వరుసగా కనిపించిన రోజులు నాకు తెలుసు. ఇప్పుడు వెంకట, సాయి వగైరాలతో కలిసి మూడో నాలుగో పేర్ల ముందు ‘నాగ’ ఒక్కటే మిగిలింది. ఆ కుర్రవాళ్లు అమెరికా వెళ్లాక పాస్‌పోర్టులో మొదటి మాట అదే కనుక ఆఫీసులో అందరూ వాళ్లను ‘నాగా’ అనే పిలుస్తారు. నాయనమ్మ మొక్కు ఎక్కడ ఎలా చెల్లుతున్నదో చూడండి.

కొందరు ఇదే నాగుణ్ణి దోషంగా మార్చారు. పెళ్లి ఆలస్యమైతే నాగదోషం, ఉద్యోగం రాకపోతే కాలసర్పం, దానికి ఒక రేటు, ఒక పరిహారం. నమ్మేవారి నమ్మకాన్ని నేను కాదనను, జ్యోతిషంలో నాకు ప్రవేశం లేదు. అయితే ఈ అయిదు పాదాలలో దోషం అన్న మాట లేదని మాత్రం చెప్పగలను. తప్పు తొక్కినవాడిదే, పాముది కాదు. మన్నించమని అడుగుతున్నదీ మనమే.

నాగుల చవితి వచ్చే నాటికి సార్వా వరి కోతకు వస్తూ ఉంటుంది. రాత్రివేళ నీళ్లు కట్టడానికి, పంట చూడడానికి పొలం వెళ్లే మనిషి చేతిలో టార్చి ఉన్నా కర్ర తోడు తీసుకుంటాడు. కొట్టడానికి కాదు. గట్టు మీద అడుగు వేసే ముందు ఆ కర్రతో నేల మీద రెండుసార్లు తట్టి, ఎవరో పెద్దాయన వాకిట్లో పడుకుని ఉన్నట్టు, గొంతు కాస్త తగ్గించి, ‘నాగన్నా, వస్తున్నా, కాస్త పక్కకు’ అని, ఒక్క క్షణం ఆగి, అప్పుడు అడుగు వేస్తాడు.